మచ్చను ఎవరు కొలవాలి?

పోయిన నెల మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక వార్త పంపించాడు. గాయం మానిన తరువాత మచ్చ అనేదే మిగలకుండా చేసే మందును అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు కనుక్కున్నారని దాని సారాంశం. వాట్సాప్‌కు తేదీలతో పని లేదు కాబట్టి, అది 2021 ఏప్రిల్ నాటి సంగతి అని వెతికి చూసుకున్నాక గానీ నాకు తెలియలేదు. అప్పటికే దాన్ని మా పిన్నికి చదివి వినిపించేశాను. ఆమె కర్నూలులో చాలా ఏళ్ళుగా ఉగ్గాని, బజ్జీల బండి నడుపుతోంది. 2022లో సంక్రాంతికి వారం ముందు బండి మీది స్టవ్వు ఒరిగి, బాణలిలో కాగుతున్న నూనె ఆమె కుడి చేతి మీద, మోచేతి మడత దాకా, మెడకు ఒక పక్కనా పడింది. నేను వార్త చదువుతున్నంతసేపూ ఆమె మరునాటి బజ్జీలకు మిరపకాయలు చీలుస్తూ కూర్చుంది. అంతా విని ఒక్కటే అడిగింది: "దాంట్లో జిల గురించి ఏమన్నా రాసినారా నాయనా?"

రాయలేదు. జిల అంటే దురద అని కోస్తా పాఠకుల కోసం చెప్పాలి. అయితే కాలిన మచ్చలో రాత్రి పదకొండు గంటలకు మొదలయ్యేదాన్ని దురద అంటే ఆమె ఒప్పుకోదు. వార్తను వదిలి అసలు పరిశోధన వివరాలు వెతికి చదివాను. అందులో చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక గురించి ఉంది, కొత్త చర్మం ఎంత లాగితే తెగుతుందో ఉంది, వెంట్రుకల కుదుళ్ళు తిరిగి మొలవడం గురించి ఉంది. ప్రయోగం ఎలుకల మీద జరిగింది కాబట్టి జిల గురించి ఉండదు. ఎలుక గోక్కుంటుందే తప్ప రాత్రి నిద్ర పట్టలేదని చెప్పదు. ఆ పరిశోధన గొప్పది కాదని నేను అనడం లేదు. కానీ పిన్ని అడిగిన ప్రశ్న నన్ను వదలలేదు. కాలిన గాయాల పరిశోధన దేన్ని కొలుస్తోంది, ఎవరి కంటితో కొలుస్తోంది, ఏ ఊరి ఎండలో కొలుస్తోంది అన్నదే ఈ వ్యాసానికి విషయం. మచ్చను కొలిచే పనిలో మచ్చను మోసేవారికి కూడా వాటా ఉండాలనీ, మన ప్రాంతంలో ఆ పని జరగకపోవడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదనీ నా అభిప్రాయం.

టూత్‌పేస్టూ, రెండు దిండ్లూ

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. ఆ రోజు నేను బండి దగ్గరే ఉన్నాను. "పేస్టు తెండి, పేస్టు పూయండి" అని ఎవరో అరిస్తే, ఎదురు అంగడికి పరుగెత్తి టూత్‌పేస్టు గొట్టం కొని తెచ్చింది నేనే, గొట్టం మొత్తం పిండి ఆమె చేతికి పూసిందీ నేనే. బండికి రెండు బారల దూరంలో తాగే నీళ్ళ డ్రమ్ము నిండుగా ఉంది. కాలిన చోట 20 నిమిషాలపాటు చల్లని నీళ్ళు ధారగా పోయాలనీ, ప్రమాదం జరిగిన 3 గంటలలోపు ఎప్పుడు పోసినా మేలు ఉంటుందనీ నాకు తరువాత తెలిసింది. నూనె పైనుంచి జారిపోయినా దాని వేడి చర్మంలోనే ఉండి లోపలికి దిగుతూనే ఉంటుంది. నీళ్ళు ఆ వేడిని లాగేస్తాయి. పేస్టు ఆ పని చేయదు సరికదా, అది ఎండి గట్టిపడితే ఆసుపత్రిలో గాయం లోతు చూడడానికి ముందు దాన్ని ఒలిచి తీయవలసి వస్తుంది. నర్సమ్మ తడి గాజుగుడ్డతో ఆ తెల్లని పెంకును తీస్తున్నప్పుడు పిన్ని వేసిన కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

రెండో తప్పు ఇంట్లో అందరమూ కలిసి చేశాము. మెడ కాలింది కదా, తల కింద మెత్తగా ఉండాలని రెండు దిండ్లు పెట్టాము. మోచేయి ముడిచి పొట్ట మీద పెట్టుకుంటే ఆమెకు సలుపు తగ్గేది, కాబట్టి అలాగే ఉండమన్నాము. కాలిన రోగికి ఏ భంగిమలో సుఖంగా ఉంటుందో ఆ భంగిమలోనే చర్మం ముడుచుకుపోతుందని ఈ వైద్యంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. మెడ కాలినవారికి దిండు పెట్టకూడదు; మోచేయి చాచి, కదలకుండా పట్టి ఉంచే బద్ద, అంటే స్ప్లింటు, కట్టి ఉంచాలి. ఆసుపత్రిలో ఎవరూ ఆ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే మేము వినిపించుకోలేదేమో అని కూడా అనుకుంటాను, ఎందుకంటే ఆ వారాలలో మాకు చెవికెక్కినది ఖర్చు ఒక్కటే. తెల్లని ఆయింట్‌మెంటు, అంటే సిల్వర్ సల్ఫాడయాజిన్, పూస్తూ కట్లు కడుతూ నాలుగు వారాలు గడిచాయి. అయిదో వారంలో తొడ నుంచి చర్మం తీసి చేతి మీద అతికారు.

ఆ నాలుగు వారాల మాట ముఖ్యమైనది. మూడు వారాలలోపు మానిపోయే గాయం సాధారణంగా పెద్ద మచ్చ మిగల్చదు. అది దాటిన గాయం ఉబ్బెత్తు మచ్చగా మారే అవకాశం బాగా ఎక్కువ. గాయం అంచులను దగ్గరికి లాగడానికి శరీరం కొన్ని ప్రత్యేక కణాలను పనిలోకి దింపుతుంది. మయోఫైబ్రోబ్లాస్ట్ అనే ఈ కణాన్ని 1971లో గాబియాని బృందం గుర్తించింది. సగం కండ కణంలాగా, సగం కొల్లాజెన్ నేసే కణంలాగా పనిచేసే ఇది గాయం మూసుకోగానే తప్పుకోవాలి. కాలిన గాయంలో, ముఖ్యంగా ఎక్కువ రోజులు తెరుచుకుని ఉండిన గాయంలో, అది తప్పుకోకుండా నెలల తరబడి లాగుతూనే, నేస్తూనే ఉంటుంది. పిన్ని మాటల్లో చెప్పాలంటే "లోపల ఎవరో దారం పట్టుకుని గుంజినట్టు" ఉంటుంది. శాస్త్రం చెప్పే వివరణకు ఇంత దగ్గరగా ఉన్న రోగి మాట నేను మరొకటి వినలేదు.

పదమూడు మార్కుల పరీక్ష

మచ్చను కొలవడానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడినది వాంకూవర్ స్కేలు. 1990లో కెనడా వైద్యులు తయారు చేశారు. రంగు, రక్తప్రసరణ వల్ల వచ్చే ఎరుపు, మెత్తదనం, ఎత్తు అనే నాలుగు అంశాలకు మార్కులు వేసి, మొత్తం 13కి లెక్క చూస్తారు. సున్నా అయితే మామూలు చర్మం. ఎన్నో చికిత్సలు పనిచేశాయో లేదో తేల్చింది ఈ పరీక్షే. ఇందులో నొప్పి లేదు, జిల లేదు. డాక్టరు కంటికి కనపడేవి, వేలికి తగిలేవి మాత్రమే ఉన్నాయి. ఎరుపును గులాబీ, ఎరుపు, ఊదా అని మెట్లుగా చూడమంటుంది. మన చామనఛాయ చేతి మీద ఆ మెట్లు ఎంతవరకు కనపడతాయో చూసినవాళ్ళకే తెలుసు.

ఈ లోటును మొదట గుర్తించింది నేను కాదు. 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు రెండు భాగాల స్కేలు ఒకటి ప్రచురించారు. ఒక భాగం వైద్యుడు నింపాలి, రెండోది రోగి నింపాలి. రోగి భాగంలో నొప్పి, జిల, రంగు, బిగుతు, మందం, ఎగుడుదిగుడు అనే ఆరింటికి 1 నుంచి 10 దాకా మార్కులు వేయాలి. రోగి పెన్ను పట్టుకునే హక్కు మచ్చల పరిశోధనలో ఇంత ఆలస్యంగా వచ్చింది. అయినా ఆ ఆరింటిలో చెమట లేదు, వేడి లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చుని ప్రశ్నపత్రం తయారు చేసేవారికి అవి తోచకపోవడంలో వింత లేదు.

పిన్నిని చివరిసారి చూసిన డాక్టరు, మంచి మనిషే, చేతిని అటూ ఇటూ తిప్పి, వేలితో నొక్కి, "బాగా మెత్తబడిందమ్మా, మచ్చ పండింది, ఇక రానవసరం లేదు" అని చీటీలో రాశాడు. వాంకూవర్ స్కేలు ప్రకారం ఆయన రాసింది నిజం. ఆ రాత్రి కూడా ఆమె లేచి కూర్చుని, తడి గుడ్డ చేతికి చుట్టుకుని తెల్లవారే దాకా ఉంది.

జిలను కొలిస్తే ఏం ఒరుగుతుందని అడిగేవారికి ఒక మంచి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. కాలిన మచ్చల దురదకు ఎన్నో ఏళ్ళుగా సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్రలే ఇచ్చేవారు, ఇప్పటికీ చాలాచోట్ల అవే ఇస్తున్నారు. ఢిల్లీలో రాజీవ్ అహూజా బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో సెట్రిజిన్‌నూ, మూర్ఛకూ నరాల నొప్పికీ వాడే గాబాపెంటిన్‌నూ, రెండూ కలిపినదాన్నీ పోల్చి చూశారు. గాబాపెంటిన్ స్పష్టంగా మెరుగని తేలింది. చర్మంలో అలర్జీ వల్ల పుట్టే దురద వేరు, దెబ్బతిన్న నరాలు తప్పుగా పంపే సంకేతం వేరు అన్న గ్రహింపు దీని వెనుక ఉంది. దీనికి కొత్త మందు కనుక్కోనక్కరలేదు, ఎలుక అక్కరలేదు, "ఎంత జిలగా ఉంది?" అని రోగిని అడిగి రాసుకునే ఓపిక ఉంటే చాలింది. పిన్నికి రెండేళ్ళు సెట్రిజిన్ ఇచ్చారు. దానివల్ల పొద్దున బండి దగ్గర కునికిపాట్లు పడేది, రాత్రి జిల మాత్రం అలాగే ఉండేది. గాబాపెంటిన్ మొదలుపెట్టాక వారంలో నాలుగు రాత్రులు నిద్రపోతోంది. మిగతా మూడు రాత్రుల సంగతి చివర చెబుతాను.

మే నెలలో ఇరవై మూడు గంటలు

మచ్చ ఉబ్బకుండా బిగుతు తొడుగు, అంటే ప్రెషర్ గార్మెంట్, వేసుకోమంటారు. ఇది 1970ల మొదట్లో అమెరికాలోని గాల్వెస్టన్ పిల్లల కాలిన గాయాల ఆసుపత్రి నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. రోజుకు 23 గంటలు, ఏడాదికి తక్కువ కాకుండా తొడుక్కోవాలి. స్నానానికీ, మర్దనకూ ఒక గంట వెసులుబాటు. సాగే గుడ్డతో కొలత ప్రకారం కుట్టిన ఈ తొడుగు మచ్చ మీద పాదరసం కొలతలో సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఒత్తిడి పెడుతుంది.

కర్నూలు మే నెల గురించి ఇక్కడివారికి నేను చెప్పనవసరం లేదు. కానీ కాలిన చర్మంలోని మే నెల వేరుగా ఉంటుంది. లోతుగా కాలినప్పుడు చెమట గ్రంథులు పోతాయి. తొడ నుంచి తీసి అతికే పలుచని చర్మంతో అవి రావు. నూనె గ్రంథులూ అంతే, అందుకే ఆ చర్మం ఎప్పుడూ పొడిగా పగులుతుంటుంది, కొబ్బరినూనె రుద్దుతూ ఉండాలి. పిన్నికి ఎడమ చేయి చెమటతో తడిసి ముద్దయ్యే మధ్యాహ్నం కుడి చేయి మాత్రం ఎండిపోయి, కాలే పెనంలాగా వెచ్చగా ఉంటుంది. మచ్చ అంచున ఉన్న మంచి చర్మం చెమట పోస్తుంది, ఆ చెమట తొడుగు కింద నిలిచి ఒరుసుకుని పుండు పడుతుంది. అదే చేత్తో ఆమె 180 డిగ్రీల నూనె ముందు నిలబడాలి. ఇలాంటి మనిషికి 23 గంటలు అని రాసిచ్చే చీటీని ఏమనాలో నాకు తోచదు.

ఆమె ఏం చేసిందో చాలా రోజుల తరువాత నాకు చూపించింది. గోధుమరంగు తొడుగును మోచేతి మడత దగ్గర కత్తెరతో బెత్తెడు పొడవున కోసి, అక్కడ పాత నూలు చీర ముక్కను చిన్న చిన్న కుట్లతో అతికించింది. కుట్లు లోపలి వైపు ఒరుసుకోకుండా బయటి వైపు వేసింది. ఎంత శ్రద్ధగా వేసిందంటే, పక్కన పెడితే అది మొదటి నుంచీ అలాగే వచ్చిందనుకుంటారు. ఫిజియోథెరపిస్టు దాన్ని చూసి కోప్పడింది. కోప్పడడం న్యాయమే, గుడ్డ కోస్తే బిగుతు పోతుంది, తొడుగు ఉద్దేశమే పోతుంది. ఎందుకు కోశావని మాత్రం ఎవరూ అడగలేదు. ఫైలులో "సరిగా వాడడం లేదు" అని ఒక వాక్యం చేరింది.

నిజానికి ఈ తొడుగు ఎంత పనిచేస్తుందనే ప్రశ్న శాస్త్రంలో కూడా తేలిగ్గా తేలలేదు. అంతవరకు జరిగిన పరిశోధనలన్నిటినీ 2009లో కలిపి చూసినప్పుడు మచ్చ ఎత్తు కొంచెం తగ్గుతుందనీ, మొత్తంగా చూస్తే పెద్ద తేడా కనపడదనీ వచ్చింది. ఆ మరుసటి ఏడాది అమెరికాలోని సియాటిల్ నుంచి వచ్చిన పరిశోధన నాకు చాలా నచ్చింది. ముంజేయి కాలినవారికి ఒకే తొడుగును సగం సరైన బిగుతుతో, సగం వదులుగా కుట్టించి, అదే మనిషి చేతి మీద రెండు సగాలనూ పోల్చారు. ఇందుకు 12 ఏళ్ళు పట్టింది. ఒక మాదిరి నుంచి పెద్ద మచ్చలు వచ్చేవారికి బిగుతు వల్ల మచ్చ మెత్తబడి పలుచబడిందనీ, చిన్న మచ్చలకు ప్రయోజనం కనపడలేదనీ తేల్చారు. అంటే అందరికీ 23 గంటల శిక్ష అవసరం లేదు. ఎవరికి అవసరమో ముందే చెప్పగలిగితే చాలామందికి విముక్తి దొరుకుతుంది.

సియాటిల్‌లో వర్షం ఎక్కువ, ఎండ తక్కువ. అదే ప్రయోగాన్ని అనంతపురం ఎండలో ఎవరు చేస్తారు? రోజుకు 14 గంటలు, రాత్రిపూట ఎక్కువగా వేసుకుంటే ఫలితం ఎంత తగ్గుతుంది? మోచేతి మడతలో నూలు ముక్క పెడితే నిజంగా ఎంత ఒత్తిడి పోతుంది? ఈ ప్రశ్నలకు కావలసినది ఒత్తిడిని కొలిచే చిన్న పరికరం, కొలతకు కుట్టగల దర్జీ, లెక్క రాసే మనిషి. రాయదుర్గంలో జీన్స్ కుట్టి బతుకుతున్న ఇళ్ళు ఎన్ని లేవు? గుడ్డను మనకంటే బాగా ఎరిగినవారు ప్రపంచంలో ఎక్కడో ఉన్నారనుకోవడం మన అలవాటు.

కడప స్నేహితుడి అభ్యంతరాలు

కడపలో సర్జన్‌గా పనిచేస్తున్న నా స్నేహితుడికి ఇదంతా చెబితే నవ్వాడు. ఆయన మాటలు నాకు అంత తేలిగ్గా కొట్టిపారేయడానికి వీలైనవి కావు.

"మచ్చే రాకుండా చేస్తే జిలా ఉండదు, తొడుగూ ఉండదు. నువ్వు ఇల్లు కాలుతుంటే కిటికీకి తెర ఎట్లా ఉండాలని అడుగుతున్నావు" అన్నాడు. గర్భంలో తొలి నెలల్లో ఉన్న శిశువుకు గాయమైతే మచ్చ లేకుండా మానుతుందన్నది నిజం. అంటే మచ్చ లేకుండా మానే దారి శరీరానికి ఒకప్పుడు తెలుసు. స్టాన్‌ఫర్డ్ వారు చూపించింది కూడా అటువంటిదే: గాయం అంచుల్లో చర్మం మీద పడే లాగుడును కణాలు పసిగట్టి మచ్చ నేసే పనిలోకి దిగుతాయనీ, వెర్టిపోర్ఫిన్ అనే పాత కంటి మందుతో ఆ సంకేతాన్ని ఆపితే ఎలుకలో మామూలు చర్మమే వెంట్రుకలతో సహా తిరిగి వచ్చిందనీ చూపించారు. ఇది చిన్న సంగతి కాదు. నాకు పిన్ని ఒక్కతే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ కాలుతున్నారు. అందరికీ పనికొచ్చే మందు వెతికేవారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

అయితే ఆ దారిలో నడిచి పడిపోయినవారినీ చూడాలి. ఇంగ్లండులోని మాంచెస్టర్ శాస్త్రవేత్తలు శిశువు చర్మం రహస్యం నుంచే మొదలుపెట్టి జువిస్టా అనే మందు తయారు చేశారు. తొలి పరీక్షల్లో ఎంతో ఆశ చూపించిన ఆ మందు 2011లో చివరి దశ పరీక్షలో విఫలమైంది. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది, గాయాన్ని ఎక్కువగా ముడుచుకుని మూసేస్తుంది. మన చర్మం అలా మానదు. ఇంకొకటి, ఎలుకకు చెమట గ్రంథులు పాదాల అడుగున తప్ప లేవు. వీపు మీద గాయం చేసి ఎంత అద్భుతంగా మాన్పినా, పిన్ని చేతికి చెమట తిరిగి వస్తుందా లేదా అన్నది ఆ ప్రయోగం చెప్పలేదు. నా స్నేహితుడు ఈ మాట దగ్గర కొంచెంసేపు ఆగి, "అది నేను ఆలోచించలేదు" అన్నాడు. ఆ వాదన మొత్తంలో నేను గెలిచినది ఆ ఒక్క చోటే.

ఎందుకంటే ఆయన రెండో అభ్యంతరం నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. "కొలుస్తాను, సరే. కొలవడానికి వాళ్ళు రావాలి కదా? గాయం మానినాక పది మందిలో ఎంతమంది తిరిగి వస్తారో నువ్వు వచ్చి ఓపీలో కూర్చుని చూడు. సగం మంది రాని పరిశోధనను ఏ పత్రిక వేసుకుంటుంది?" పిన్ని కూడా మూడోసారి రమ్మన్న రోజు వెళ్ళలేదు. ఆ రోజు ఊళ్ళో పెళ్ళిళ్ళు, బండి మీద బేరం బాగుండే రోజు. బస్సు ఛార్జీలు పోనూ ఒక రోజు సంపాదన పోగొట్టుకుని, చేయి అటూ ఇటూ తిప్పించుకుని రావడానికి ఎవరు వెళ్తారు? తిరిగి రానివారు పరిశోధన లెక్కలో లేకుండా పోతారు. అసలు ఎక్కువ బాధపడుతున్నది బహుశా వాళ్ళే.

మారిబోర్, సోలాపూర్

పెద్ద ఊరు, పెద్ద డబ్బు ఉంటేనే ఈ పని అవుతుందా అన్న సందేహానికి చరిత్రలో రెండు జవాబులు నాకు కనపడ్డాయి.

కాలిన గాయాల వైద్యాన్ని ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువగా మార్చినవారిలో జోరా యాన్‌జెకోవిచ్ ఒకరు. ఆమె పనిచేసింది అప్పటి యుగోస్లావియాలో, ఇప్పటి స్లొవేనియాలో ఉన్న మారిబోర్ అనే చిన్న నగరంలో. అప్పటిదాకా కాలిన చర్మం తనంతట తాను కుళ్ళి ఊడేదాకా వారాలు వేచి ఉండి, తరువాత చర్మం అతికేవారు. రోజూ కట్లు మార్చేటప్పుడు పిల్లలు పడే యాతన చూసిన ఆమె, తొలి రోజుల్లోనే చచ్చిన పొరను పలుచగా, రక్తం చెమర్చేదాకా కోసి, వెంటనే చర్మం అతకడం మొదలుపెట్టింది. 1970లో ఆమె పద్ధతి ప్రచురితమయ్యాక ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆసుపత్రుల వైద్యులు మారిబోర్‌కు వరుస కట్టారు. మా పిన్నికి అయిదో వారంలో జరిగినది, యాన్‌జెకోవిచ్ లెక్కలో మొదటి వారంలో జరగవలసినది. రక్తం దొరకడం, మత్తు డాక్టరు దొరకడం, ఎక్కువగా కాలినవారికి అతకడానికి చర్మం దొరకడం, ఇవన్నీ కుదిరితేనే అది సాధ్యం. ఆ చర్మం కోసమే 2021లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో చర్మనిధి పెట్టారు. చనిపోయిన 6 గంటలలోపు తొడల మీద, వీపు మీద పలుచని పొర తీసుకుంటారు, రక్తం గ్రూపు కలవనవసరం లేదు. కళ్ళు దానం చేస్తామని చీటీ రాసిచ్చే మన ఇళ్ళలో చర్మం మాట ఎత్తితే ముఖాలు చిట్లిస్తారు, మా ఇంట్లో నాతో సహా.

రెండో జవాబు మన గుంతకల్లు మీదుగా పోయే రైళ్ళ దారిలోనే ఉంది. సోలాపూర్ మెడికల్ కాలేజీలో ఎం. సుబ్రహ్మణ్యం 1991లో తేనె కట్లనూ, సిల్వర్ సల్ఫాడయాజిన్ కట్లనూ 104 మంది రోగుల మీద పోల్చి ప్రచురించారు. తేనె గాయాన్ని త్వరగా మాన్పిందని ఆయన రాస్తే అంతర్జాతీయ పత్రిక వేసుకుంది. 2015లో తేనె మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష (కాక్రేన్ అంటే వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే అంతర్జాతీయ సంస్థ), చర్మంలో కొంత లోతు వరకే కాలిన గాయాలు తేనెతో మామూలు కట్లకంటే త్వరగా మానుతాయని చెప్పింది. వంటింటి సీసాలోని తేనె ఎవరూ పూయవద్దు, అది వేరు. నేను దీన్ని చెబుతున్నది తేనె కోసం కాదు. మహారాష్ట్రలోని ఒక జిల్లా ఊళ్ళో కూర్చుని, చేతికి అందిన వస్తువుతో, ఎదురుగా ఉన్న రోగులతో ఒకాయన లెక్క రాసి పెట్టాడు. ఇందులోనూ ఒక చిక్కు ఉంది: ఆ ఫలితాల్లో చాలా భాగం ఒకే చోటి నుంచి వచ్చాయి కాబట్టి వేరేచోట్ల కూడా చేసి చూడాలని ఆ సమీక్షే అన్నది. ఆ వేరేచోట్లు మన ఊళ్ళు ఎందుకు కాకూడదు? ముంబైలో డాక్టర్ కేశ్వానీ ఉడికించిన బంగాళదుంప తొక్కలతో, మరో బృందం అరటి ఆకులతో కట్లు కట్టి చూసి ప్రచురించిన దేశం ఇది. పులివెందుల అరటి తోటల పక్కన ఉండి మనం దాన్ని ఎక్కడో చదువుకుంటున్నాము.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయినప్పుడు మేమంతా టీవీల ముందు చనిపోయినవారి సంఖ్య ఎంతకు పెరిగిందో చూస్తూ కూర్చున్నాము. పిన్ని మాత్రం మధ్యలో లేచిపోయింది. తరువాత అడిగితే, "బతికినోళ్ళను ఎవరన్నా లెక్కపెడతారా?" అంది.

స్నేహితుడి రెండో అభ్యంతరానికి జవాబు నా దగ్గర పూర్తిగా లేదు. కానీ ఆయనతో మాట్లాడి వచ్చిన వారం, పిన్నిని ఇంట్లోనే లెక్క రాయమన్నాను. గ్యాస్ ఏజెన్సీవాళ్ళు ఇచ్చిన క్యాలెండరులో ఆమె ఇదివరకే పాల లెక్క గీతలు గీసుకుంటుంది. ఇప్పుడు అదే గడిలో, జిల లేని రాత్రికి ఏమీ రాయదు, కొంచెం ఉంటే ఒక చుక్క, లేచి కూర్చోవలసి వస్తే రెండు చుక్కలు. నెల తిరిగాక చూస్తే రెండు చుక్కల రాత్రులు వరుసగా ఒకేచోట గుమిగూడి ఉన్నాయి: శని, ఆది, సోమ. శని, ఆదివారాలు బండి రాత్రి దాకా ఉంటుంది. సోమవారం ఎందుకో మాకు అర్థం కాలేదు. ఆదివారం వేడి సోమవారం రాత్రికి తిరగబడుతుందేమోనని ఆమె అంటుంది. సోమవారం ఉపవాసం కాబట్టి మాత్ర ఖాళీ కడుపున వేసుకోవడం మానేస్తున్నదేమోనని నా అనుమానం. ఆ ఫొటో తీసి కడపకు పంపించాను. ఆయన దగ్గర నుంచి రెండు రోజుల తరువాత జవాబు వచ్చింది: "ఇంకో మూడు నెలలు రాయమను. మాత్ర వేసుకున్న టైము కూడా."

పిన్ని దానికి ఒప్పుకుంది గానీ, చుక్కలకు పెన్సిల్ కాకుండా పెన్ను కావాలంది. నూనె చేతులకు పెన్సిల్ రాత చెరిగిపోతోందట.